ఒక్క ఊటకు సరిపడా సిమెంటు

"కోడీ, మీ అయ్యగారికి చెప్పవే, స్నానానికి నీళ్ళు పెరట్లో పెట్టానని."

మిసేంగా మొగుడి వైపు చూడలేదు. ముంగిట్లో గింజలు ఏరుకుంటున్న ఎర్రకోడితో అంది ఆ మాట.

బాదిబంగ గడప మీద కూర్చుని తాపీకి పట్టిన పాత సిమెంటు గీకుతున్నాడు. తల ఎత్తి కోడినే చూశాడు.

"కోడీ, మీ అమ్మగారికి చెప్పు. నేను ఇక్కడే ఉన్నాను, నాకు చెవులు కూడా ఉన్నాయని."

"చెవులుంటే చాలదు, మనసు కూడా ఉండాలని చెప్పవే."

"పాపం, ఆ మూగజీవాన్నెందుకు చంపుతారు మీరిద్దరూ?" అంటూ వంటపాకలోంచి కబేది బయటికి వచ్చింది. ఆమె చేతిలో వేడి వేడి బిదియా పిండిముద్ద ఉంది. పక్కన పామాయిల్లో ఉడికిన కర్రపెండలం ఆకు, దాని మీద పెద్ద ఎండుచేప. "తిను నాయనా. గోడలు కట్టేవాడివి. కడుపు నిండితే బుద్ధి సరిగ్గా పనిచేస్తుంది."

బాదిబంగ చేపను చూసి నిట్టూర్చాడు. "పొద్దున్నే చేపా? ఇది మన ఊట కోసమేనా అమ్మా?"

"ఛీ! కన్నతల్లిని అనే మాటేనా అది? చేప నీకోసం." కబేది గిన్నె అతని ఒళ్ళో పెట్టింది. "ఊటేమో ఊరికోసం."

గిన్నెలు తోముతున్న మిసేంగా చప్పట్లు కొట్టింది. "విన్నావా కోడీ? చేపకి ఊరు అమ్ముకుంటున్నారు. నా తమ్ముడి పిల్ల సమాధి మీద మట్టి ఇంకా ఆరనే లేదు."



ఈ రగడంతా మొదలుపెట్టింది నిజానికి పాస్టరు కసోంగా. చర్చి ఆసుపత్రి చుట్టూ ఉన్న ఊళ్ళలో ఒక్కొక్క ఊటనూ శుభ్రం చేసి, గోడ కట్టి, కంకర నింపి, గొట్టం పెట్టే పని బాదిబంగదే. ఎండాకాలమంతా కట్టగా రెండు ఊళ్ళు మిగిలాయి. ఒకటి తన సొంత ఊరు ముకాలెంగా. రెండోది నది అవతల చిపాంగా, మిసేంగా పుట్టినిల్లు. దారిలో వంతెన విరిగి సిమెంటు లారీ అక్కడే ఆగిపోయింది. చర్చి కొట్టులో ఉన్నది ఒక్క ఊటకే వస్తుంది. తూర్పున మబ్బులు పడుతున్నాయి. వానలు దిగాయంటే మళ్ళీ ఏడాదిదాకా లోయల్లో పని సాగదు.

పాస్టరు గారు కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశాడు. కళ్ళు తెరిచి, "రెండు ఊళ్ళూ నీవే కదా బాదిబంగా, ఏది ముందో నువ్వే చెప్పు" అన్నాడు. ప్రార్థనలో దేవుడి మీద పెట్టిన బరువును, ఆమెన్ అనగానే తీసి బాదిబంగ నెత్తిన పెట్టాడు.

అదే వారంలో చిపాంగాలో మిసేంగా తమ్ముడి కూతురు రెబెకా నెత్తురు విరేచనాలతో పోయింది. ఆసుపత్రికి తెస్తూంటే నది ఒడ్డున దోనె కోసం ఎదురుచూస్తూనే పోయింది.

మిసేంగా గిన్నెలన్నీ బోర్లించి పైకి లేచింది. తల గుడ్డ బిగించి కట్టుకుంది. "అత్తా, ఇవాళ మా తమ్ముడి ఇంట్లో దినాలు ముగిసి చాపలెత్తే రోజు. నేను వెళ్తున్నా."

"ఒక్కదానివే ఎట్లా వెళ్తావు? నేనూ వస్తున్నా."

"నీ మోకాలు?"

"నా మోకాలు నీకంటే మంచిది. నాతో మాట్లాడుతుంది."

బాదిబంగ నవ్వు ఆపుకోలేక ఆకుకూర గొంతులో ఇరుక్కుని దగ్గాడు. మిసేంగా మూతి కూడా ఒక పక్కకి కదిలింది గాని, అతను చూసేలోపు తిప్పేసుకుంది.

* * *

దారిలో అత్తాకోడళ్ళు కొట్లాడుకుంటూనే నడిచారు. ఎర్రమట్టి దారి ఒక చోట వాన కోతకి తెగి గొయ్యి అయితే, మిసేంగా ముందు దిగి చెయ్యి అందించింది. కబేది చెయ్యి పట్టుకుని దిగుతూ కూడా నోరు ఆపలేదు.

"నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నించీ నీళ్ళకోసం ఆ లోయ దిగుతున్నా, ఎక్కుతున్నా. నా కొడుకు ఊరూరా ఊటలు కట్టి, కన్నతల్లికి మాత్రం ఆ లోయలో బురదనీళ్ళే మిగిలిస్తే జనం ఏమంటారే?"

"మా వాళ్ళ పిల్ల పోతే జనం ఏమన్నారు అత్తా? పాపం అన్నారు. అంతే కదా."

"నేను అంతే అన్నానా? ఆ పిల్ల బొజ్జ మీద ముద్దులు పెట్టలేదా నేను?"

"పెట్టావు."

"మరి?"

 దోనెలో ఇద్దరూ ఒకరి మోకాళ్ళకి ఒకరు ఆనుకుని కూర్చున్నారు. 

తమ్ముడి ఇంటి ముంగిట చాపల మీద ఊరంతా ఉంది. పగలూ రాత్రీ మండిన నిప్పు బూడిదై చల్లారింది. కట్టెలపాక ఖాళీ. మిసేంగా తల్లి చిలండా వియ్యపురాలిని చూసి లేచి ఎదురొచ్చింది. చిన్న ప్రాణి పోయిన ఇంటిని ఒక్క వారంలో ఎంత ముసలితనం ఆవరిస్తుందో ఆమె నడకలోనే కనిపించింది.

"ఇంత దూరం నడిచావా వదినా, ఆ మోకాలితో?"

"మోకాలుంది దేనికి? నడవడానికే."

చిలండా ఇంట్లోకి వెళ్ళి, వేయించిన వేరుశనక్కాయలు గుప్పెడూ, సొరబుర్ర గిన్నెతో నీళ్ళూ తెచ్చింది. వియ్యపురాలికి ఇవ్వవలసిన మర్యాదతో మోకాళ్ళు కాస్త వంచి, రెండు చేతులతో గిన్నె అందించింది.

కబేది గిన్నెలోకి చూసింది. నీళ్ళు పల్చటి టీ రంగులో ఉన్నాయి. అడుగున ఏదో సన్నగా కదులుతోంది.

చర్చి మహిళా సంఘంలో నీళ్ళు మరిగించాలి అని గొంతు చించుకుని పాడేది కబేదియే. ఎవరింటికి వెళ్ళినా "మరిగించారా?" అని మొహం మీదే అడిగే మనిషి. మిసేంగా అత్త మొహమే చూస్తోంది. ఇప్పుడు అడుగుతుంది. అమ్మ ముందు, చాపల మీది జనం ముందు, ఆ నీళ్ళతోనే పిల్ల పోయిన ఇంట్లో, ఇప్పుడు అడిగేస్తుంది.

చిలండా చేతులు చిన్నగా వణికాయి. ఆమె కూడా ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టుంది.

కబేది గిన్నె అందుకుంది. "ఎండకి నోరెండిపోయింది వదినా" అంది. గుటకలు వేస్తూ గిన్నె ఖాళీ చేసింది. మూతి తుడుచుకుని, "చల్లగా ఉన్నాయి" అంది.

చిలండా అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. కబేది ఆమె తల ఒళ్ళోకి లాక్కుంది.

* * *

ఇంటికి వచ్చేదారిలో, ఇటు ఒడ్డున, తాటిచెట్ల దగ్గర కబేది ఆగింది.

"మిసేంగా."

"ఊఁ."

"మీ ఊరిదే ముందు కట్టాలి. వాడితో నేను చెప్తా."

"వద్దత్తా."

"ఏంటి వద్దు?"

"మన ఊరిదే కట్టనీ."

కబేది నడుము మీద చేతులు పెట్టుకుంది. "ఎండదెబ్బ తగిలిందా నీకు? వారం రోజులుగా నా కొడుకుతో మాట్లాడకుండా వాడి ప్రాణం తీసింది దేనికే మరి?"

"అప్పుడు నాకు మా ఊరే కనిపించింది. ఇప్పుడు ఇద్దరమ్మలూ కనిపిస్తున్నారు." మిసేంగా తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుంది. "నేను కాన్పై పడుకున్నప్పుడు నీ చెల్లెలు బిలోండా పిన్ని లోయలోంచి నాకు నీళ్ళు మోసింది. జారిపడి మోచెయ్యి చీరుకుని కూడా మోసింది. ఇప్పుడు ఆమె ముందు నుంచుని, నీళ్ళు మా పుట్టింటికి పంపించేశాను పిన్నీ అని ఎట్లా చెప్పను?"

"నేను చెప్తా."

"నువ్వెందుకు చెప్పాలి?"

"నా చెల్లెలు గనక!"

"నాకు మాత్రం పిన్ని కాదా?"

ఆ గొడవ అలాగే ఇంటిదాకా వచ్చింది. గుమ్మంలోనే బాదిబంగని ఇద్దరూ చెరో పక్కా పట్టుకున్నారు.

"చిపాంగాలో కట్టరా."

"ముకాలెంగాలోనే కట్టు."

వారం తరవాత పెళ్ళాం గొంతు తన కోసం పలికినందుకు సంతోషించాలో, ఆ పలికిందేమిటో చూసి బెంగపడాలో బాదిబంగకి తెలియలేదు. అమ్మని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. వెళ్ళి కోడి పక్కన మట్టిలో కూర్చున్నాడు.

"పొద్దున నాకు ఇద్దరు శత్రువులు. ఇప్పుడూ ఇద్దరే. మధ్యలో నది దాటి చోట్లు మార్చుకొచ్చారు, అంతే."

మిసేంగా ఫక్కున నవ్వింది. నవ్వు ఏడుపులోకి తిరిగింది. బాదిబంగ లేచి భార్య భుజం మీద చెయ్యి వేశాడు. కబేది అటు తిరిగి, అవసరం లేకపోయినా వంటపాకలోకి వెళ్ళి గిన్నెలు గట్టిగా సర్దింది.

* * *

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు ఉదయం కబేది బిదియా కలుపుతూ తెడ్డు వదిలేసి పెరట్లోకి పరుగెత్తింది. మళ్ళీ, మళ్ళీ. ఎండ నడినెత్తికి వచ్చేసరికి కళ్ళు లోపలికి పోయాయి. గోడ పట్టుకుని కూడా నిలబడలేకపోయింది.

బాదిబంగ సైకిల్ వెనక సీటుకి పరుపు చుట్టి కట్టాడు. తల్లిని ఎత్తి కూర్చోబెట్టాడు. అతను హ్యాండిల్ పట్టి తోస్తూంటే, మిసేంగా వెనక నించి అత్తని రెండు చేతులతో పట్టుకుని నడిచింది. ఇసకలో చక్రాలు కూరుకుపోతున్నాయి.

"మెల్లగా తొయ్యరా," కబేది గొణిగింది. "సిమెంటు బస్తాననుకున్నావా?"

"బస్తా అయితే నోరు మూసుకునేది అమ్మా."

"నా కోడలి బట్టలన్నీ పాడుచేశాను."

"బట్టలు ఉతుక్కుంటాను అత్తా. నువ్వు మాట్లాడుతూ ఉండు, చాలు. తిట్టు. నన్ను తిట్టు."

"ఓపిక లేదే," అంది కబేది. ఆ మాట విని మిసేంగాకి నిజంగా భయం వేసింది.

ఆసుపత్రిలో నర్సు ఇలుంగా ఆమె చేతికి సెలైను పెట్టాడు. కిటికీ కడ్డీకి తాడుతో కట్టిన సీసాలోంచి చుక్కలు పడుతున్నాయి. మిసేంగా అత్త ఒళ్ళు తుడిచింది, గుడ్డలు మార్చింది, బయట ఉతికి దడి మీద ఆరేసింది. ఎవరు చెయ్యి వేయబోయినా ఒప్పుకోలేదు.

మర్నాటికి కబేది కళ్ళల్లో వెలుగు వచ్చింది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో తాగిస్తూంటే మొహం చిట్లించింది.

"ఇదేం రుచే? వంటరాని కోడలు చేసిన చారులా ఉంది."

మిసేంగా చెంచా కింద పెట్టేసి అత్త చేతి మీద తల ఆనించింది. "ఎందుకు తాగావత్తా ఆ రోజు? నీకు తెలుసు కదా."

"తెలుసు."

"ఒలకబోసినట్టు చెయ్యొచ్చుగా. దాహం లేదనొచ్చుగా."

"మీ అమ్మ చెయ్యి చూడలేదా నువ్వు? మనవరాలికి తన చేత్తో తాగించింది కదే ఆ నీళ్ళు. నేను వద్దంటే, జనం ముందు ఆ పిల్లని నువ్వే చంపావు అన్నట్టు కాదా?" కబేది ఊపిరి తీసుకుంది. "నా కడుపు నాలుగు రోజులు నొప్పెడుతుంది. ఆ మాట ఆమెకి చచ్చేదాకా నొప్పెట్టేది."

"నేనూ చూస్తూ ఊరుకున్నాను. గిన్నె లాక్కోలేకపోయాను."

"లాక్కుని ఉంటే చెంప పగలగొట్టేదాన్ని." కబేది ముడతల చెయ్యి కోడలి జుట్టు మీద పడింది. "ఈ జడలు ఎవరల్లారు? అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఇంటికెళ్ళాక నేను అల్లుతా."

గుమ్మంలో నీడ పడింది. బాదిబంగ చాలాసేపటి నించీ అక్కడ నుంచున్నాడని అతని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"పాస్టరు గారికి చెప్పేశానమ్మా. చిపాంగా."

మిసేంగా చటుక్కున లేచింది. "నేను వద్దన్నాను కదా!"

"నువ్వు వద్దన్నావని కాదు, అమ్మ కట్టమందని కాదు." బాదిబంగ మంచం అంచున కూర్చున్నాడు. "అమ్మని సైకిల్ మీద తోస్తూంటే అసలు చేరతామా అనిపించింది మిసేంగా. అయినా పొద్దు వాలకముందే చేరాం. మనకి నది అడ్డం లేదు. చిపాంగా వాళ్ళకి జబ్బు చేస్తే ఇసక దాటాలి, దోనె కోసం కూర్చోవాలి, దోనెవాడు అవతల ఒడ్డున ఉంటే కేకలెయ్యాలి. ఆసుపత్రి దూరమున్న వాళ్ళకి జబ్బే రాకుండా చూడాలి ముందు. నాకు అంతకంటే తోచలేదు."

కబేది కొడుకును చూసింది. ఎండుచేపలు పెట్టి కొనాలనుకున్న ఆ బుర్రని కాసేపు అలాగే చూసింది. "తాపీ పట్టేవాడివి, పాస్టరువి అయ్యుండాల్సింది" అంది.

అప్పుడే పాస్టరు కసోంగా పరుగులాంటి నడకతో వచ్చాడు. చొక్కా చెమటకి తడిసిపోయింది.

"బాదిబంగా! కొట్టు తలుపు తీశాను. చిపాంగా వాళ్ళు బస్తాలు మొయ్యడానికి వచ్చారు. మీ ఊరి ఆడవాళ్ళు ముందే వచ్చి వాటి మీద కూర్చున్నారు. లేవరట!"

"లేవమని చెప్పలేదా మీరు?"

"ఎట్లా చెప్పను? ప్రార్థన గీతాలు పాడుతున్నారు!" పాస్టరు గారు నుదురు తుడుచుకున్నాడు. "ఒకటి అయిపోగానే ఇంకోటి ఎత్తుకుంటున్నారు. మధ్యలో సందివ్వడం లేదు."

"ముందు కూర్చున్నదెవరు?" కబేది అడిగింది.

పాస్టరు మిసేంగా వైపు చూసి గొంతు తగ్గించాడు. "మీ చెల్లెలు బిలోండా."

కబేది దుప్పటి తీసేసింది. "నా తలగుడ్డ ఇటివ్వు."

"పడుకో అత్తా, నేను వెళ్తా."

"నువ్వు వెళ్తే పుట్టింటి కోసం వచ్చిందంటారు. వాడు వెళ్తే అత్తారింటి కోసం అంటారు. నేను ఎవరికోసం వెళ్తున్నానో ఎవరూ చెప్పలేరు."

నర్సు ఇలుంగా అడ్డం వచ్చాడు. కబేది చూసిన చూపుకి, చేతిలోని సూది తీసి దూది అద్ది, పక్కకి తప్పుకున్నాడు.

కొట్టు ఆసుపత్రి ఆవరణలోనే, మామిడిచెట్లకి అవతల. ఆ కాస్త దూరానికే కబేది రెండు చోట్ల ఆగింది. మిసేంగా నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. ముందు పాట వినిపించింది. తరవాత మనుషులు కనిపించారు. చిపాంగా మగవాళ్ళు సైకిళ్ళు పట్టుకుని ఒక పక్క నుంచున్నారు. వాళ్ళలో రెబెకా తండ్రి కూడా ఉన్నాడు. గుండు గీసిన తల వంచుకుని, ఎవరి వైపూ చూడడంలేదు.

అక్కని చూడగానే బిలోండా పాట ఆపింది. ఒకరొకరుగా అందరూ ఆపేశారు. ఆమె ఒళ్ళో మనవరాలు కపింగా నిద్రపోతోంది. పిల్ల చేతులు పుల్లల్లా ఉన్నాయి. ఈగని తోలుతూ బిలోండా పక్కకి జరిగి బస్తా మీద చోటు చేసింది.

"కూర్చో అక్కా. పడిపోతావు."

కబేది కూర్చుంది. చెల్లెలి భుజానికి ఆనుకుంది. ఊపిరి అందేదాకా అందరూ ఆగారు.

"లే బిలోండా," అంది మెల్లగా. "అక్కడ ఒక పిల్ల పోయింది."

"తెలుసక్కా. నేనూ ఏడ్చాను." బిలోండా గొంతులో కోపం లేదు. అది ఉంటే కబేదికి సులువుగా ఉండేది. "మన లోయ నీళ్ళకి విరేచనాలై దీన్ని ఈ ఎండాకాలంలో నర్సు దగ్గరికి ఎన్నిసార్లు తెచ్చానో ఆయన్నే అడుగు. ఇంకోసారి తెస్తే నిలబడుతుందో లేదో కూడా అడుగు."

వెనకే వచ్చిన నర్సు ఇలుంగా తల దించుకున్నాడు.

"చిన్నప్పటి నించీ నీ మాట కాదన్నది లేదు. నువ్వు లేవమంటే లేస్తా. వీళ్ళందరినీ లేపుతా. నేనే ఒక బస్తా నెత్తినెత్తుకుని నది దాకా మోస్తా." బిలోండా నిద్రపోతున్న పిల్లని జాగ్రత్తగా ఎత్తి అక్క ఒళ్ళో పడుకోబెట్టింది. "దీన్ని పట్టుకుని, దీని మొహం చూసి చెప్పక్కా. లేవమంటావా?"

కబేది పిల్ల మొహం చూసింది. ఆమె వేళ్ళు కోడలి వేళ్ళని వెతికి గట్టిగా పట్టుకున్నాయి.

అవతల సైకిళ్ళ దగ్గర, రెబెకా తండ్రి మొదటిసారి తల ఎత్తాడు. సైకిల్ చెట్టుకి ఆనించి వాళ్ళ వైపు నడిచి వస్తున్నాడు.